కట్టమంచి చెరువు గట్టు నుంచి.. కడలి అంచు దాకా
సాగర పరిశోధనకు పీట వేసిన విశ్వవిద్యాలయాన్ని నిలిపిన చిత్తూరు బిడ్డ సి.ఆర్‌.రెడ్డి

చిత్తూరు: నగరంలో కలిసిపోయిన కట్టమంచి గ్రామానికి, బంగాళాఖాతానికి మధ్య కొండలున్నాయి, గుట్టలున్నాయి, ఎండిన వాగులున్నాయి. సముద్ర మట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉన్న ఈ నేలపై పుట్టిన వారికి నీరంటే చెరువే. వాన కురిస్తే నిండాలి, నిండితే గట్టు నిలవాలి, గట్టు నిలిస్తే పంట చేతికి రావాలి. అలాంటి ఊరి నుంచి వెళ్లిన ఒక వ్యక్తి తెలుగువారి తొలి విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షుడయ్యారు. ఆయన రెండు దఫాలుగా నడిపిన ఆ విద్యాలయం ఆయన కన్నుమూసిన మరుసటి ఏడాదే తూర్పు తీర సముద్రపు వేడిని, ఉప్పదనాన్ని కొలిచే పనికి కేంద్రమైంది. ఆయనే కట్టమంచి రామలింగారెడ్డి. కవిగా, విమర్శకుడిగా, వక్తగా జిల్లా వాసులకు ఆయన సుపరిచితులు. ఆయన నిలబెట్టిన సంస్థకు, సాగర శాస్త్రానికి గల బంధం గురించి తెలిసినవారు మాత్రం తక్కువే.

నీటి కథతో తొలి కావ్యం

రామలింగారెడ్డి 1880 డిసెంబరు 10న కట్టమంచిలో జన్మించారు. తండ్రి సుబ్రహ్మణ్యం రెడ్డి న్యాయవాది. చిత్తూరులో పాఠశాల విద్య ముగిసిన తర్వాత మద్రాసు క్రిస్టియన్‌ కళాశాలలో చేరారు. చరిత్ర, తత్వశాస్త్రాల్లో దిట్టగా పేరు తెచ్చుకున్నారు. విద్యార్థి దశలోనే ముసలమ్మ మరణం కావ్యాన్ని రచించారు. ఆధునిక తెలుగు కవిత్వపు తొలి అడుగుల్లో దానిని ఒకటిగా సాహితీవేత్తలు లెక్కిస్తారు.

ఆ కావ్యానికి వస్తువు నీరే. అనంతపురం సమీపంలోని బుక్కరాయసముద్రం చెరువు తెగిపోయే స్థితికి చేరినప్పుడు ఊరిని కాపాడేందుకు ఒక కోడలు తనను తాను బలి ఇచ్చుకున్న గాథ అది. దేవతల లీలలు, రాజుల విలాసాలు పక్కన పెట్టి ఒక రైతు ఇంటి ఆడపడుచును నాయికగా నిలపడం ఆ రోజుల్లో సాహసమే. నీరు లేక అలమటించే సీమలో నీరు ఎక్కువైతే కలిగే భయాన్ని ఇరవై ఏళ్లు నిండకముందే ఆయన అక్షరబద్ధం చేశారు.

అనంతరం ప్రభుత్వ ఉపకార వేతనంపై 1902లో ఇంగ్లండు వెళ్లారు. కేంబ్రిడ్జిలోని సెయింట్‌ జాన్స్‌ కళాశాలలో చరిత్ర చదివారు. అక్కడి విద్యార్థుల చర్చా వేదిక కేంబ్రిడ్జి యూనియన్‌కు వైస్‌ ప్రెసిడెంటుగా ఎన్నికైన తొలి భారతీయుడిగా ఖ్యాతి గడించారు.

స్వదేశానికి వచ్చాక బరోడా మహారాజా శాయాజీరావు గైక్వాడ్‌ ఆయనను కళాశాల కొలువులోకి తీసుకున్నారు. అరవింద ఘోష్‌ విడిచి వెళ్లిన వైస్‌ ప్రిన్సిపల్‌ స్థానం ఆయనకు దక్కింది. ఆపై మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యుడిగా, ప్రిన్సిపల్‌గా పనిచేశారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయ స్థాపనకు తోడ్పడ్డారు. ఆ సంస్థాన విద్యాశాఖకు అధిపతిగా ఉన్న కాలంలో, అంటరానివారని దూరం పెట్టిన వర్గాల పిల్లలకు ప్రభుత్వ పాఠశాలల తలుపులు తెరిపించేందుకు పాటుపడ్డారు. 1914లో వెలువడిన కవిత్వతత్త్వ విచారము తెలుగు సాహిత్య విమర్శకు కొత్త దారి చూపింది.

రాజకీయాల్లోనూ రాజీ లేదు

1921లో మైసూరు ఉద్యోగానికి స్వస్తి చెప్పి రాజకీయాల్లోకి వచ్చారు. మద్రాసు శాసనమండలిలో సభ్యుడయ్యారు. జస్టిస్‌ పార్టీలో చేరినా, పానగల్లు రాజా మంత్రివర్గం తీరు నచ్చక ఎదురు తిరిగారు. 1923 నవంబరులో ఆ మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం ప్రతిపాదించారు. తీర్మానం వీగిపోయింది. అయినప్పటికీ దేశ చట్టసభల చరిత్రలో తొలి అవిశ్వాస తీర్మానాల్లో ఒకటిగా అది నిలిచిపోయింది.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడ కేంద్రంగా ఏర్పడింది. తొలి ఉపాధ్యక్ష పదవి రామలింగారెడ్డిని వరించింది. భవనాలు లేవు, ఆచార్యులు లేరు, నిధులు అంతంత మాత్రం. వీటన్నిటికీ మించి, కేంద్రం ఎక్కడ ఉండాలన్న వివాదం రాజుకుంది. బెజవాడ, రాజమండ్రి, వాల్తేరు, అనంతపురం.. ఎవరి వాదన వారిది. అనంతపురంలోనే పెట్టాలని రాయలసీమ నాయకులు పట్టుబట్టారు. చివరకు విశ్వవిద్యాలయం సముద్రపు ఒడ్డున ఉన్న వాల్తేరుకు తరలింది. రాయలసీమ కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలోనే ఉండిపోయాయి.

ఇక్కడే ఆయన జీవితంలోని ముడి కనిపిస్తుంది. సీమ బిడ్డ నడిపిన విద్యాలయం సీమకు అందలేదు. ఆ అసంతృప్తి 1937 నాటి శ్రీబాగ్‌ ఒడంబడికలోనూ ప్రతిఫలించింది. వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలన్నది అందులోని షరతుల్లో ఒకటి. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది 1954లో. అప్పటికి రామలింగారెడ్డి లేరు.

ఉప్పు సత్యాగ్రహ కాలంలో ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా ఆయన పదవిని వదులుకున్నారు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్‌ ఆ బాధ్యతలు చేపట్టారు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ అండతో సైన్సు కళాశాల రూపుదిద్దుకుంది. సూరి భగవంతం, టి.ఆర్‌.శేషాద్రి వంటి శాస్త్రవేత్తలు వాల్తేరు చేరారు. రాధాకృష్ణన్‌ ఆక్స్‌ఫర్డుకు వెళ్లడంతో 1936లో రామలింగారెడ్డి తిరిగి ఉపాధ్యక్షుడై 1949 దాకా కొనసాగారు.

యుద్ధం నడుమ విద్యాలయం

రెండో దఫాలో ఆయనకు ఎదురైన కష్టం చిన్నది కాదు. 1942 ఏప్రిల్‌ 6న జపాను విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేశాయి. తీరం ఒక్కసారిగా యుద్ధరంగమైంది. విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించక తప్పలేదు. ప్రయోగశాలల సామగ్రిని మూటలు కట్టి మోయడం, తాత్కాలిక గదుల్లో తరగతులు నడపడం, యుద్ధం ముగిశాక 1946లో మళ్లీ వాల్తేరు చేర్చడం.. ఈ బరువంతా ఆయన హయాంలోనిదే. కొత్త శాఖల ఏర్పాటు మాత్రం ఆగలేదు. భూగర్భ శాస్త్ర విభాగం 1941లో మొదలైంది. సర్‌ సి.వి.రామన్‌ వద్ద కలకత్తాలో పరిశోధన చేసి, హైదరాబాదు సంస్థాన భూగర్భ సర్వేలో అనుభవం గడించిన కలమూరు మహదేవన్‌ ఆ విభాగానికి సారథి అయ్యారు.

కొండలను, శిలలను చదివే మహదేవన్‌ దృష్టి కిటికీ అవతల కనిపించే సముద్రంపైకి మళ్లింది. నేల ఒడ్డుతో ఆగిపోదు. నీటి కింద చాలా దూరం మెల్లగా వాలుతూ సాగి, దాదాపు 200 మీటర్ల లోతు వద్ద ఒక్కసారిగా అగాధంలోకి దిగుతుంది. మెల్లగా వాలే ఆ భాగమే ఖండతీరపు అంచు. చేపల వేట, నదుల మట్టి మేట, తుపాను ఉప్పెన.. అన్నీ ఆ అంచుపైనే. అయినా ఆనాటికి మన తూర్పు తీరంలో ఆ నీటి గుణాలను ఏడాది పొడవునా వరుసగా కొలిచిన లెక్కలు అరుదు.

ఏడాది ఆలస్యంగా కదిలిన ఓడ

1949లో వాల్తేరు విడిచిన రామలింగారెడ్డి మైసూరు విశ్వవిద్యాలయ ప్రొ చాన్సలర్‌ అయ్యారు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. ఆ మరుసటి ఏడాది అమెరికా నౌకాదళ ప్రయోగశాలకు చెందిన సాగర శాస్త్రజ్ఞుడు యూజీన్‌ లాఫాండ్‌ ఫుల్‌బ్రైట్‌ ఆచార్యుడిగా వాల్తేరు వచ్చారు. మహదేవన్‌ బృందం ఆయనతో చేయి కలిపింది. భారత నౌకాదళం ఓడలను సమకూర్చింది. విద్యార్థులు, పరిశోధకులు ఆ ఓడలెక్కి ఒడ్డు నుంచి లోతు నీటి వైపు గీతల వెంబడి సాగారు. ఒక్కొక్క చోట ఆగి నీటిని పట్టారు, వేడిని కొలిచారు.

ఆనాటి పద్ధతులు నేటి వారికి వింతగా తోచవచ్చు. తీగకు కట్టి దించిన లోహపు సీసా కోరిన లోతున తలకిందులై మూత పడుతుంది. దానికి తగిలించిన ఉష్ణమాపకంలో పాదరసం అక్కడికక్కడే తెగి, ఆ లోతులోని వేడిని అలాగే పట్టి ఉంచుతుంది. మరో పరికరంలో మసి పూసిన చిన్న గాజు పలకపై ఒక సూది లోతుకు తగ్గట్టు వేడి మార్పును గీత గీసి చూపుతుంది. ఉప్పదనం లెక్క ప్రయోగశాలలో తేలుతుంది. నీటిలో సిల్వర్‌ నైట్రేటు చుక్కలు వేస్తే తెల్లటి అవక్షేపం ఏర్పడుతుంది. రంగు ఇటుక ఎరుపుకు తిరిగిన క్షణాన ఎన్ని చుక్కలు పడ్డాయో చూసి, కిలో నీటిలో ఎన్ని గ్రాముల లవణం ఉందో గణిస్తారు. ప్రపంచ సముద్రాల సగటు సుమారు 35 గ్రాములు.

రుతువు మారితే సముద్రమూ మారుతుంది

ఈ కొలతలు తేల్చిన విషయం ఆసక్తికరమైనది. మన తీరంలో సముద్రం ఏడాదికి రెండు ముఖాలు చూపుతుంది.

ఫిబ్రవరి నుంచి మే దాకా గాలి నైరుతి దిక్కు నుంచి ఒడ్డు వెంబడి వీస్తుంది. తీర ప్రవాహం ఉత్తరం వైపు సాగుతుంది. భూమి తిరుగుడు ప్రభావంతో పై నీరు గాలి దిశకు కుడి పక్కకు, అంటే ఒడ్డుకు దూరంగా జరుగుతుంది. ఖాళీ అయిన చోటును పూడ్చేందుకు అడుగు నీరు ఉబికి వస్తుంది. అది చల్లనిది, ఉప్పదనం ఎక్కువ, చేపల ఆహారానికి ఎరువు వంటి పోషకాలు నిండినది. అందుకే ఎండ మండే మార్చిలో సైతం విశాఖ ఒడ్డున నీరు దూరపు నీటి కన్నా చల్లగా ఉండటాన్ని పరిశోధకులు గుర్తించారు. అప్పటి లవణీయత 34 దరిదాపుల్లో ఉంటుంది.

వర్షాకాలం ముగిసేసరికి దృశ్యం తలకిందులవుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ మోసుకొచ్చిన మంచినీరు బంగాళాఖాతం పైపొరలో పరుచుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలులతో తీర ప్రవాహం దక్షిణానికి మళ్లుతుంది. ఆ పలుచని నీరు ఒడ్డును ఆనుకుని మన వైపు దిగి వస్తుంది. విశాఖ వద్ద పై నీటి లవణీయత 30 లోపుకు, కొన్ని సమయాల్లో 25 దరిదాపులకు పడిపోతుంది. గాలి నీటిని ఒడ్డుకు నెట్టడంతో అది కిందికి దిగుతుంది. తీరంలో సముద్ర మట్టమూ పెరుగుతుంది. జనవరిలో పై నీరు 25, 26 డిగ్రీలకు చల్లబడుతుంది. ఉప్పు తక్కువైన ఆ నీరు తేలికైనది కనుక చల్లబడినా పైనే తేలుతుంది. దాని అడుగున వెచ్చని నీరు దాగి ఉంటుంది. పైన చలి, కింద వేడి అన్న విచిత్ర పరిస్థితి అలా ఏర్పడుతుంది.

ఈ ఫలితాలు 1954, 1958 సంవత్సరాల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయ సాగర పరిశోధన సంపుటాలుగా వెలువడ్డాయి. 1955-56లో లాఫాండ్‌ మరోసారి వాల్తేరు వచ్చారు. 1962లో మహదేవన్‌ మరణించారు. ఆపై అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో భాగంగా తూర్పు తీరపు వాలును పరిశీలించిన లాఫాండ్‌, సముద్ర గర్భంలోని లోతైన లోయలను వర్ణిస్తూ 1964లో వ్యాసం ప్రకటించారు. ఆ లోయల పేర్లు ఆంధ్ర, మహదేవన్‌, కృష్ణా. కొండల నడుమ పుట్టిన వ్యక్తి పెంచిన విద్యాలయపు ఆచార్యుడి పేరు అలా కడలి అడుగున స్థిరపడింది.

మన జిల్లాకు ఏమిటి సంబంధం

ఒకప్పుడు చిత్తూరు జిల్లాకు సముద్రం లేదు. 2022 ఏప్రిల్‌ 4న తిరుపతి జిల్లా ఏర్పడటంతో సూళ్లూరుపేట, తడ, శ్రీహరికోట ఇందులో చేరాయి. ఏడుకొండల జిల్లాకు తొలిసారి తీరం వచ్చింది. చంద్రగిరి కొండల్లో పుట్టి, తిరుచానూరు, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా సాగే స్వర్ణముఖి చివరకు కలిసేది ఈ బంగాళాఖాతంలోనే. అంటే తిరుపతి వీధుల్లో పడిన వాన కూడా ఆ నీటి ఉప్పదనంలో తన వంతు మార్పు తెస్తుంది.

రుతువుతో నీరు మారే తీరును చూడాలంటే ఓడ ఎక్కనక్కర లేదు, పులికాట్‌ సరస్సు చాలు. చిలకా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. కాళంగి, ఆరణి నదుల వరద చేరిన నవంబరు, డిసెంబరు నెలల్లో ఇక్కడి నీరు చప్పబడుతుంది. వేసవిలో నీరు ఆవిరై ఉప్పదనం సముద్రాన్ని మించిపోతుంది. సముద్రంతో కలిపే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే రాకపోకలు నిలిచి చేప, రొయ్య పిల్లలు లోపలికి రాలేవు. ముఖద్వారాల పూడికతీత కోసం మత్స్యకారులు ఏళ్ల తరబడి మొర పెట్టుకుంటున్నది ఇందుకే. శీతకాలంలో వచ్చే రాజహంసల మేత కూడా ఆ నీటి గుణంపైనే ఆధారపడి ఉంటుంది.

రైతుకూ ఈ లెక్కలతో పని ఉంది. నైరుతి కన్నా ఈశాన్య రుతుపవనాలపై ఎక్కువ ఆశ పెట్టుకునే ప్రాంతం మనది. అక్టోబరు, నవంబరు నెలల్లో వాన తెచ్చేది బంగాళాఖాతంలోని అల్పపీడనాలు, వాయుగుండాలే. పైన మంచినీటి పొర పరుచుకున్నప్పుడు అడుగున ఉన్న చల్లని నీరు తేలికగా పైకి కలవదు. సముద్రపు వేడి పైపైనే నిలిచి తుపానులకు బలమిస్తుంది. అదే కాలంలో తీరంలో నీటి మట్టం ఎత్తుగా ఉండటం ఉప్పెనకు తోడవుతుంది. 1977 నవంబరులో దివిసీమ, 1984 నవంబరులో శ్రీహరికోట చవిచూసిన తుపానులు ఈ రుతువులోనివే. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి తిరుపతి జలమయమైన రోజులు జనం మరవలేదు.

నేడు ఈ కొలతలకు గాజు పలకలు వాడటం లేదు. 1966లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఏర్పడింది, తర్వాతి దశాబ్దంలో విశాఖలో దాని ప్రాంతీయ కేంద్రం వెలిసింది. 1999లో హైదరాబాదులో ప్రారంభమైన ఇన్‌కాయిస్‌ సంస్థ ఉపగ్రహాలు చూసిన నీటి వేడిని, నాచు జాడను బట్టి చేపలు దొరికే చోట్లను మత్స్యకారులకు తెలియజేస్తోంది. తమంత తాముగా మునిగి తేలే ఆర్గో తేలియాడు పరికరాలు ప్రపంచ సముద్రాల లోతుల్లోని వేడిని, ఉప్పదనాన్ని పంపుతున్నాయి. పరికరాలు మారాయి. మార్చిలో చల్లని ఉప్పునీరు, నవంబరులో పలుచని నీరు అన్న క్రమం మాత్రం వాల్తేరు పరిశోధకులు రాసి పెట్టినదే.

దక్కాల్సిన గౌరవం

రామలింగారెడ్డి సాగర శాస్త్రజ్ఞుడు కారు. ఓడ ఎక్కలేదు, లవణీయత కొలవలేదు. ఆ ఘనత మహదేవన్‌, లాఫాండ్‌, వారి వెంట నడిచిన విద్యార్థులది. వాల్తేరులో శాస్త్ర విద్యకు ఊపిరి పోసిన వారిలో రాధాకృష్ణన్‌ వాటా కూడా గణనీయమైనదే. అయితే భవనమూ, నిధీ లేని రోజుల్లో విద్యాలయాన్ని నిలబెట్టి, యుద్ధంలో చెదరకుండా కాపాడి, శాస్త్రశాఖలకు చోటు కల్పించి అప్పగించిన వ్యక్తి ఆయన. గట్టు వేసినవాడు పంట చూడకపోవచ్చు. గట్టు లేనిదే పంట లేదన్నది చెరువు కింద బతికే ఈ జిల్లాకు తెలియని సంగతి కాదు.

విశాఖలో ఆయన పేరిట స్నాతకోత్సవ మందిరం ఉంది. ఏలూరులో ఆయన పేరుతో 1945 నుంచి కళాశాల నడుస్తోంది. పుట్టిన గడ్డపై కవిగా ఆయన స్మరణ జరుగుతూనే ఉంది. ఏటా డిసెంబరు 10 వచ్చేది సరిగ్గా బంగాళాఖాతం పలుచబడి, పులికాట్‌ నిండి, మన చెరువుల్లో నీరు కనిపించే రోజుల్లోనే. ఆనాడు పద్యాలతో పాటు, కట్టమంచి చెరువు నీటికి, పులికాట్‌ నీటికి ఉన్న తేడాను పాఠశాల పిల్లల చేత కొలిపించగలిగితే అది ఆయనకు తగిన నివాళి అవుతుంది. అందుకు రెండు సీసాల నీరు, ఒక ఉష్ణమాపకం, ఓపికగల ఉపాధ్యాయుడు ఉంటే చాలు.